రెండేళ్లు పడిన టీ ట్రీ ఆయిల్ ఇప్పుడెందుకు పడటం లేదు?

వెన్నెలవాకిలి
మొటిమలకు టీ ట్రీ ఆయిల్ వాడడం మొదలుపెట్టి నాకు రెండేళ్లు దాటింది. గడ్డం మీద, దవడ అంచున నెలకు రెండు మూడు మొటిమలు వచ్చేవి. రాత్రి పడుకునే ముందు ఒక్కొక్క దాని మీద ఒక చుక్క అద్దితే నాలుగైదు రోజుల్లో అణిగిపోయేవి. ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ రాలేదు. మూడు వారాల క్రితం అదే సీసాలోని నూనెను అదే పద్ధతిలో రెండు మొటిమలకు రాసుకున్నాను. మొదటి రాత్రి కొంచెం చురుక్కుమంది గాని పట్టించుకోలేదు. మూడో రోజు ఉదయం అద్దంలో చూసుకుంటే మొటిమలు మొటిమల్లాగే ఉన్నాయి, వాటి చుట్టూ మాత్రం బొటనవేలి గోరు కంటే పెద్దదైన ఎర్రని వలయం లేచి, సన్నని నీటి పొక్కులతో విపరీతంగా దురద పెట్టింది. వారం తర్వాత అక్కడి చర్మం ఉల్లిపొరలా ఊడిపోయి ఇప్పుడు గోధుమరంగు మచ్చ మిగిలింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నట్లయింది. నా చర్మం మారిందా, నూనెలో కల్తీ ఉందా? రెండేళ్లు పడిన వస్తువు ఒక్కసారిగా ఎందుకు పడకుండా పోతుంది?

ఘాటువాసన
నేను ఆరేళ్లుగా దీన్ని ఏమీ కలపకుండా నేరుగా దూదిపుల్లతో అద్దుకుంటున్నాను, ఇంతవరకు ఒక్క పొక్కు కూడా లేవలేదు. మీకు వచ్చింది చర్మం లోపలి మలినం పైకి తన్నుకురావడం కావచ్చు. ఆపకుండా ఇంకో వారం రాసి చూడండి. ఇది రసాయనం కాదు, ఆకుల నుంచి తీసిన తైలం.

ఆకురాయి
ఘాటువాసన గారి సలహాను దయచేసి పాటించకండి. దురద, నీటి పొక్కులు, పొర ఊడడం అనే మూడూ వరసగా వచ్చినప్పుడు ఆ వస్తువును ఆపివేయడమే మొదట చేయవలసిన పని. లోపలి మలినం దురద రూపంలో బయటికి రావడమనే మాటకు చర్మశాస్త్రంలో అర్థం లేదు. ఇక ఆకుల నుంచి తీసినది కనుక హాని చేయదన్న వాదానికి దురదగొండి ఒక్కటి చాలు, అది కూడా మొక్కే.

చుక్కలలెక్క
నిర్ణయానికి వచ్చే ముందు కొన్ని సంగతులు తెలియాలి. సీసా ఎప్పుడు తెరిచారు? ఇప్పుడు అందులో ఎంత మిగిలింది? ఎక్కడ పెడుతున్నారు? మూత డ్రాపర్ ఉన్నదా, చుక్కలుగా పడే ప్లాస్టిక్ బిరడా ఉన్నదా? తెరిచిన కొత్తలో వచ్చిన వాసనకూ ఇప్పటి వాసనకూ తేడా ఉన్నదా? దేనిలో కలిపి రాశారు? సీసా మీద మొక్క శాస్త్రీయ నామం ఏమని ఉంది?

వెన్నెలవాకిలి
చుక్కలలెక్క గారి ప్రశ్నలన్నిటికీ సీసా ముందు పెట్టుకునే జవాబు రాస్తున్నాను. తెరిచి రెండు సంవత్సరాల రెండు నెలలయింది. ముప్పై మిల్లీలీటర్ల సీసాలో అడుగున నాలుగో వంతు మిగిలింది. స్నానాల గదిలో కిటికీ గట్టు మీద ఉంటుంది, మధ్యాహ్నం ఎండ నేరుగా దాని మీదే పడుతుంది. మూతకు రబ్బరు బుడ్డి ఉన్న డ్రాపర్ ఉంది. ఆ రబ్బరు ఉబ్బి వేలికి అంటుకుంటున్నదని ఇప్పుడే గమనించాను. సీసా మీద మెలలూకా ఆల్టర్నిఫోలియా అని ఉంది. వాసన విషయానికి వస్తే, కొత్తలో కర్పూరాన్నీ జాజికాయనూ కలిపి నలిపినట్లు ఉండేది, ఇప్పుడు మూత తీస్తే గోడరంగులో కలిపే టర్పెంటైన్ గుర్తుకొస్తున్నది. మొదట్లో జొజోబా నూనెలో కలిపేదాన్ని. అది అయిపోయాక గత కొన్ని నెలలుగా నేరుగానే రాస్తున్నాను.

చుక్కలలెక్క
మీ జవాబులోనే మీ ప్రశ్నకు సమాధానం ఉంది. మీ చర్మం మారి ఉండవచ్చు గాని, దానికంటే ముందు మారింది నూనె.

ఇందులో వందకు దగ్గరగా వేర్వేరు పదార్థాలుంటాయి. వాటిలో ముఖ్యమైనది టెర్పినెన్-4-ఓల్. సూక్ష్మజీవులను అణచే గుణం ప్రధానంగా దీనిదే. దీనితోపాటు గామా టెర్పినీన్, ఆల్ఫా టెర్పినీన్ అనేవి గణనీయంగా ఉంటాయి. గాలిలోని ఆక్సిజన్, వెలుతురు, వేడి ఈ మూడూ కలిసినప్పుడు ఈ టెర్పినీన్లు నిలకడగా ఉండవు. అవి ఆక్సీకరణ చెందుతూ పెరాక్సైడ్లుగా, ఆస్కరిడోల్‌గా, పారా సైమీన్‌గా మారుతూ పోతాయి. వాసన టర్పెంటైన్ వైపు మళ్లడం ఆ మార్పుకు గుర్తు. కొత్త నూనె చర్మాన్ని రెచ్చగొట్టే శక్తి స్వల్పమే గాని, ఇలా పాతబడిన నూనెలో పుట్టుకొచ్చే పదార్థాలు బలమైన అలర్జీ కారకాలు. పైగా సీసా ఖాళీ అవుతున్న కొద్దీ లోపల నూనె తగ్గి గాలి పెరుగుతుంది కనుక చివరి పాతిక భాగం మొదటి పాతిక భాగం కంటే చాలా త్వరగా చెడిపోతుంది. మీరు రాసుకున్నది సరిగ్గా ఆ చివరి భాగమే, అదీ ఏమీ కలపకుండా.

ఉబ్బిన రబ్బరు కూడా ఊరికే ఉబ్బలేదు. ఈ నూనె రబ్బరునూ కొన్ని రకాల ప్లాస్టిక్‌నూ తినేస్తుంది. అందుకే దీన్ని ముదురు రంగు గాజుసీసాలో, చుక్కలుగా పడే బిరడాతో అమ్మడం మంచి పద్ధతి. డ్రాపర్ మూతను సీసాకు శాశ్వతంగా ఉంచడం మంచిది కాదు.

ఘాటువాసన
అలాగైతే నా చర్మానికి ఆరేళ్లుగా ఏమీ కాలేదెందుకు? నేనూ స్నానాల గదిలోనే పెడుతున్నాను.

మందులచీటీ
నేను మందుల దుకాణంలో ఫార్మసిస్టును. ఈ ప్రశ్న మాకు ప్రతి వారం వస్తుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

చర్మం మీద వచ్చే ప్రతిచర్యలు రెండు రకాలు. ఒకటి రేగుడు. గాఢత ఎక్కువైన వస్తువు తగిలితే ఎవరికైనా, మొదటిసారే, కొన్ని గంటల్లోనే మంటా ఎరుపూ వస్తాయి. రెండవది అలర్జీ. దీనిలో శరీరపు రక్షణ వ్యవస్థ ఆ పదార్థాన్ని ముందు పరిచయం చేసుకుంటుంది, ఆ పరిచయ దశలో పైకి ఏమీ కనిపించదు. అది వారాలు పట్టవచ్చు, ఏళ్లు కూడా పట్టవచ్చు. ఒకసారి గుర్తు పెట్టుకున్నాక మాత్రం ఆ పదార్థం తగిలిన ఒకటి నుంచి మూడు రోజుల్లో దురద, పొక్కులు మొదలై, తగిలిన చోటును దాటి కూడా పాకుతాయి. వెన్నెలవాకిలి గారు మూడో రోజని రాశారు, వలయం మొటిమ కంటే పెద్దదని రాశారు. నాకు ఇది రెండవ రకంలాగే కనిపిస్తున్నది.

ఇన్నేళ్లు పడిందన్న మాట ఇది అలర్జీ కాదనడానికి రుజువు కాదు. ఇన్నేళ్లు వాడిన వస్తువుకే అలర్జీ రావడం మామూలు సంగతి. ఘాటువాసన గారికి రాకపోవడం అదృష్టం, అంతే. ఏమీ కలపని నూనెను పదే పదే రాసుకునేవారు ఆ అదృష్టాన్ని రోజూ పరీక్షించుకుంటున్నారు.

నీడపట్టు
నాదొక సందేహం. నిమ్మజాతి నూనెలు రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి నల్లబడుతుందని విన్నాను. ఈమెకు మచ్చ పడింది కదా, ఇది కూడా ఎండ వల్లే కావచ్చునా?

చుక్కలలెక్క
మీరు చెప్పిన దోషం తొక్కను నలిపి పిండి తీసే బెర్గమాట్, నిమ్మ వంటి నూనెలకు ఉంది, వాటిలోని ఫ్యూరనోకూమరిన్లు అతినీలలోహిత కిరణాలతో కలిసి చర్మాన్ని కాల్చినంత పని చేస్తాయి. టీ ట్రీ ఆయిల్‌ను ఆకుల మీదుగా ఆవిరి పంపి తీస్తారు, ఆ పదార్థాలు దీనిలో ఉండవు. ఈమెకు పడిన మచ్చ వాపు తగ్గాక మిగిలే రంగు మాత్రమే. అయితే ఎండ తగిలితే ఆ రంగు ముదురుతుంది కాబట్టి జాగ్రత్త ఎలాగూ అవసరమే.

ఆకురాయి
అలర్జీ సంగతి తేలింది గాని, అసలు ఈ నూనె మొటిమలకు ఎంత పని చేస్తుందో ఎవరూ మాట్లాడటం లేదు. నేను దీన్ని బొత్తిగా పనికిరానిదని అనడం లేదు, దానికి కట్టిన పేరుకూ దానికున్న ఆధారానికీ మధ్య దూరం ఉన్నదంటున్నాను.

1990లో ఆస్ట్రేలియాలో 124 మంది మీద ఒక అధ్యయనం జరిగింది. సగం మందికి 5 శాతం టీ ట్రీ ఆయిల్ జెల్, మిగిలినవారికి 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ అనే మొటిమల మందు ఇచ్చారు. మొటిమలు రెండు వర్గాల్లోనూ తగ్గాయి. టీ ట్రీ ఆయిల్ పని మొదలుపెట్టడానికి ఎక్కువ కాలం తీసుకున్నది, కానీ పొడిబారడం, మంట వంటి ఇబ్బందులు దానిలో తక్కువగా కనిపించాయి. 2007లో ఇరాన్‌లో 60 మంది మీద 45 రోజులు జరిగిన మరో అధ్యయనంలో 5 శాతం జెల్ మందు లేని ఖాళీ జెల్ కంటే స్పష్టంగా మెరుగ్గా పనిచేసింది. ఇవి చిన్న అధ్యయనాలు, పైగా రెండూ స్వల్ప, మధ్యస్థ స్థాయి మొటిమల మీద జరిగినవి. గడ్డలుగా మారి లోపల నొప్పి పెట్టే మొటిమలకు, గుంటలు పడేవాటికి ఈ నూనె సమాధానం కాదు, వాటికి వైద్యుని దగ్గరికి వెళ్లవలసిందే.

ఒక సంగతి గమనించండి. రెండు చోట్లా వాడినది 5 శాతమే, నూటికి నూరు శాతం కాదు. ఎక్కువ రాస్తే ఎక్కువ తగ్గుతుందన్న ఊహ ఆ అధ్యయనాల నుంచి రాలేదు. నన్నడిగితే స్వల్పమైన మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్‌తోనే మొదలుపెట్టమంటాను, దాని గురించి మనకు తెలిసినది చాలా ఎక్కువ.

గోరువెచ్చన
ఆకురాయి గారు బెంజాయిల్ పెరాక్సైడ్‌ను అంత తేలికగా సిఫారసు చేశారు గాని, అది నా ముఖానికి ఏమి చేసిందో నాకు తెలుసు. రెండు వారాల్లో పెదవుల మూలలు పగిలి, నవ్వితే నొప్పి పుట్టేది. నీలం రంగు దిండు గలీబు మీద నా చెంప ఆనినంత మేర తెల్లబడి, అచ్చం నా ముఖం ముద్ర పడినట్లయింది. అది రంగును తినేస్తుందని ముందుగా ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత 5 శాతం టీ ట్రీ జెల్‌కు మారాను. ఫలితం కనిపించడానికి రెండు నెలలు పట్టింది గాని చర్మం నెమ్మదించింది. అందరికీ ఒకే మందు పడాలని లేదు.

ఆకురాయి
గలీబు సంగతి ఒప్పుకుంటున్నాను, నాకు రెండు తువ్వాళ్లు పోయాయి. 2.5 శాతంతో మొదలుపెట్టి ఉంటే మీ పెదవులకు అంత కష్టం రాకపోయేది. అయితే మీరు వాడినది జెల్ అని గమనించమంటున్నాను. సరైన పాళ్లలో కలిపి, కొలిచి అమ్మిన వస్తువు వేరు, ఇంట్లో అందాజుగా చుక్కలు వేసుకోవడం వేరు.

తెల్లపొడి
నాది మొటిమల సమస్య కాదు, చుండ్రు. ఒక తెలిసిన వ్యక్తి చెప్పగా షాంపూ సీసాలో కొంచెం టీ ట్రీ ఆయిల్ వంపి వాడుతున్నాను. పొట్టు రాలడం తగ్గింది, కానీ చెవుల వెనుక చర్మం ఎర్రబడి చిటచిటలాడుతున్నది. కొంచెం అంటే ఎంతని అడగకండి, చేయి జారినంత.

మందులచీటీ
చేయి జారినంత అనేది కొలత కాదు గనుక మీ చెవులు మీకు లెక్క చెబుతున్నాయి. 2002లో 126 మంది మీద జరిగిన అధ్యయనంలో 5 శాతం టీ ట్రీ ఆయిల్ ఉన్న షాంపూను నాలుగు వారాలు వాడితే చుండ్రు తీవ్రత 41 శాతం తగ్గింది, నూనె లేని షాంపూ వాడినవారిలో 11 శాతమే తగ్గింది. వారు షాంపూను తలమీద మూడు నిమిషాలు ఉంచి కడిగేశారు. కడిగేసే వస్తువుకు 5 శాతం సరిపోవచ్చు గాని, ముఖం మీద రాసి ఉంచేసేదానికి అంతకంటే తక్కువతో మొదలుపెట్టడం క్షేమం. మీరు ఆ సీసాను పక్కనపెట్టి, తయారుగా దొరికే షాంపూకు మారండి. చెవుల వెనుక ఎరుపు వారంలో తగ్గకపోతే చూపించుకోండి.

నీడపట్టు
ఇంట్లో కలుపుకోవాలంటే ఎన్ని చుక్కలు వేయాలో ఎవరైనా ఒక్కసారి స్పష్టంగా రాస్తే బాగుంటుంది. ఒక్కొక్క చోట ఒక్కొక్క లెక్క కనిపిస్తున్నది.

చుక్కలలెక్క
పేరు పెట్టుకున్నందుకు ఈ బాధ్యత నాదే. ఒక మిల్లీలీటరుకు ఇంచుమించు ఇరవై చుక్కలని లెక్కిస్తారు, కానీ ఈ నూనె పలుచన గనుక బిరడా రంధ్రాన్ని బట్టి ముప్పై చుక్కలు కూడా రావచ్చు. అందుకే నేను చుక్కలను నమ్మను, సూది లేని చిన్న సిరంజితో కొలుస్తాను. ముప్పై మిల్లీలీటర్ల మూల తైలంలో, అంటే దీన్ని పలుచన చేసే జొజోబా వంటి నూనెలో, 0.3 మిల్లీలీటరు కలిపితే సుమారు 1 శాతం, అంటే ఆరు చుక్కలు. అదే 5 శాతం కావాలంటే 1.5 మిల్లీలీటర్లు, అంటే ముప్పై చుక్కలు. ఈ రెంటికీ ఉన్న తేడాను చూస్తే అర చెంచా జొజోబా నూనెలో "రెండు మూడు చుక్కలు" అనే సలహా ఎంత వదులుగా ఉందో తెలుస్తుంది. అర చెంచా అంటే రెండున్నర మిల్లీలీటర్లు, మూడు చుక్కలు వేస్తే అప్పటికే 5 శాతం దాటిపోతుంది. ముఖానికి కొత్తగా వాడేవారు 1 శాతంతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

మూల తైలం విషయంలో కూడా ఒక మాట. మొటిమలు వచ్చే చర్మానికి కొబ్బరి నూనె వంటి చిక్కటి నూనెలో కలిపి రాస్తే ఒక చేత్తో ఆర్పుతూ ఇంకో చేత్తో ఊదినట్లుంటుంది. జొజోబా నిజానికి ద్రవరూపంలో ఉన్న మైనం, చర్మపు జిడ్డుకు దగ్గరగా ఉంటుంది, త్వరగా పాతబడి చెడు వాసన పట్టదు.

వెన్నెలవాకిలి
ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. నడుమ కొన్నాళ్లు నీటిలో చుక్కలు వేసి, సీసాను ఊపి టోనర్‌గా ముఖమంతా చల్లుకున్నాను. ఊపితే తెల్లగా కలిసిపోయినట్లే కనిపించేది.

చుక్కలలెక్క
కలిసినట్లు కనిపించింది గాని కలవలేదు. ఒక గాజు గ్లాసులో నీళ్లు పోసి రెండు చుక్కలు వేసి అరనిమిషం చూడండి. నూనె గుండ్రని బిళ్లలుగా విడిపోయి పైకి తేలుతుంది, పక్కనుంచి వెలుతురు పడితే వాటి అంచులు మెరుస్తాయి. మీరు చల్లుకున్నప్పుడు ఒక చోట వట్టి నీళ్లు, ఇంకో చోట ఏమీ కలపని నూనె పడింది. నీటిలో కలపాలంటే పాలిసార్బేట్ వంటి కలుపుడు పదార్థం కావాలి. అది వేశాక నీరు పాడవకుండా నిల్వకారి కూడా కావాలి. అక్కడికి అది ఇంటి వైద్యం దాటి తయారీ పని అవుతుంది.

పిల్లిగారి_సేవకుడు
ఇంతమంది ఇన్ని రాశారు గాని ఇంట్లో జంతువులున్న వారికి ఎవరూ హెచ్చరిక రాయలేదు. మా పిల్లి ఒళ్లంతా గోక్కుంటున్నదని, ఈగలకూ పేలకూ మంచిదని ఎక్కడో చదివి మెడ మీద నాలుగు చుక్కలు రాశాను. కొన్ని గంటల్లో దాని వెనుక కాళ్లు తడబడి, వణుకుతూ మంచం కింద దూరి బయటికి రాలేదు. పశువైద్యుడు ఒళ్లు కడిగించి రెండు రోజులు ఉంచుకున్న తర్వాత కోలుకున్నది. పిల్లులు, కుక్కలు దీన్ని నాకి మింగడం వల్లా, చర్మం ద్వారా పీల్చుకోవడం వల్లా విషప్రభావానికి లోనవుతాయి. మీ ముఖానికి రాసుకున్నా సరే, అది ఆరక ముందు పిల్లి చేత ముఖం నాకించుకోకండి.

మందులచీటీ
పిల్లిగారి సేవకుని మాటకు పిల్లలను కూడా చేర్చండి. ఈ నూనె పైపూతకే, లోపలికి తీసుకోవడానికి కాదు. పది మిల్లీలీటర్ల లోపు మింగిన పసిపిల్లలు మగతలోకి జారి, అడుగు నిలవక తూలిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. నోటి పుండ్లకని పుక్కిలించేవారు కూడా ఉన్నారు, అది మానుకోవాలి. సీసాను పిల్లలకు అందని చోట పెట్టండి. అలాంటి చోట సాధారణంగా చీకటీ చల్లదనమూ ఉంటాయి కాబట్టి నూనెకూ మంచిదే.

అరచేతి_అద్దం
ఈ నూనెను మనం తాగే టీ ఆకుతోనే చేస్తారని నేను ఇన్నాళ్లూ అనుకుంటున్నాను. కళ్ల మీద టీ సంచులు పెట్టుకుంటే వచ్చే మేలే దీనివల్ల కూడా వస్తుందని నలుగురికి చెప్పాను కూడా.

చుక్కలలెక్క
ఆ నలుగురికీ మళ్లీ చెప్పవలసి ఉంటుంది. తాగే టీ మొక్క కమీలియా జాతి, దీనికీ దానికీ చుట్టరికం లేదు. ఇది జామ, నేరేడు, లవంగం, నీలగిరి చెట్ల కుటుంబానికి చెందినది, సొంత ఊరు ఆస్ట్రేలియా తూర్పు తీరం. అక్కడి బుండ్జలుంగ్ ఆదివాసులు ఈ ఆకులను నలిపి గాయాలకు, చర్మవ్యాధులకు తరతరాలుగా వాడారు. 1920లలో ఆర్థర్ పెన్‌ఫోల్డ్ అనే ఆస్ట్రేలియా రసాయన శాస్త్రవేత్త ఈ నూనెను పరీక్షించి, అప్పట్లో శస్త్రచికిత్సల్లో వాడే ఫినాల్ కంటే ఇది సూక్ష్మజీవుల మీద ఎన్నో రెట్లు శక్తిమంతమని ప్రకటించాడు. దాని పేరు అక్కడి నుంచే పైకి వచ్చింది. కళ్ల దగ్గరకు మాత్రం దీన్ని రానివ్వకండి.

ఘాటువాసన
ఈ చర్చ చదివాక నా సీసా తీసి చూశాను. వాసన ఘాటుగానే ఉంది, కానీ అది ఏ రకపు ఘాటో ఇన్నాళ్లూ నేను ఆలోచించలేదు. సీసా మీద "స్వచ్ఛమైన టీ ట్రీ" అని తాటికాయంత అక్షరాలు ఉన్నాయి గాని శాస్త్రీయ నామం ఎక్కడా లేదు, తయారైన తేదీ చెరిగిపోయింది. కొనేటప్పుడు ఏమి చూడాలి?

చుక్కలలెక్క
మొక్క పూర్తి శాస్త్రీయ నామం ఉండాలి. తయారైన తేదీ, సరుకు సంఖ్య (బ్యాచ్ నంబరు) ఉండాలి. ఆ సంఖ్యకు సంబంధించిన విశ్లేషణ పత్రం అడిగితే ఇవ్వగలగాలి. ఈ నూనెకు ఐఎస్ఓ 4730 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 2017 నాటి కూర్పు ప్రకారం టెర్పినెన్-4-ఓల్ 35 నుంచి 48 శాతం మధ్య ఉండాలి, 1,8-సినియోల్ 10 శాతానికి మించకూడదు. పత్రంలో ఈ రెండు అంకెలు చూసుకుంటే చాలా వరకు తేలిపోతుంది. పారా సైమీన్ ఎక్కువగా కనిపిస్తే అది పాతబడిన నూనె. చిన్న సీసా కొనండి. పది మిల్లీలీటర్లు ఒక ముఖానికి ఎక్కువే.

ఘాటువాసన
పది మిల్లీలీటర్లా? నా దగ్గర ఉన్నది వంద మిల్లీలీటర్ల సీసా. పెద్దది చవకగా వస్తుందని కొన్నాను.

ఆకురాయి
ఆరేళ్లుగా ఏమీ కాకపోవడానికి మీ చర్మం కారణమా, అసలు ఆ సీసాలో ఉన్నది టీ ట్రీ నూనేనా అని నాకు ఇప్పుడు అనుమానం వస్తున్నది.

ఘాటువాసన
ఆ అనుమానం మీకంటే ముందు నాకే వచ్చింది, బయటికి అనలేదంతే.

తెల్లపొడి
కాలివేళ్ల మధ్య ఒరిసి తెల్లగా పాచినట్లయ్యే తామరకు కూడా ఇది మంచిదంటారు. షాంపూ పాఠం నేర్చుకున్నాను కాబట్టి ముందుగానే అడుగుతున్నాను.

మందులచీటీ
దానిమీద కూడా అధ్యయనాలున్నాయి. 10 శాతం క్రీముతో దురద, పొట్టు తగ్గాయి గాని ఫంగస్ మాత్రం పోలేదు. 2002లో 25, 50 శాతం ద్రావణాలతో చేసినదానిలో 64 శాతం మందికి ఫంగస్ పోయింది, నూనె లేని ద్రావణం వాడినవారిలో 31 శాతం మందికి పోయింది. అయితే నూనె వాడినవారిలో నలుగురికి చర్మం మీద గట్టి ప్రతిచర్య వచ్చింది. ఫంగస్‌ను చంపేంత గాఢత చర్మాన్ని కూడా వదలదన్నమాట. టెర్బినఫిన్ క్రీము ఒకటి రెండు వారాల్లో ఆ పనే తక్కువ గొడవతో చేస్తుంది. ఈ ఒక్క విషయంలో ఆకురాయి గారి పక్షమే నాది.

గోరువెచ్చన
వెన్నెలవాకిలి గారు కొత్త సీసా కొంటే మళ్లీ వాడవచ్చునా లేదా అన్నది ఇంకా తేలలేదు. ఆమె అసలు ప్రశ్న అక్కడే ఉందనుకుంటాను.

మందులచీటీ
ముఖం మీద మాత్రం ముందుగా ప్రయత్నించకూడదు. ఎరుపు పూర్తిగా తగ్గి రెండు వారాలైనా గడిచాక, తాజా నూనెను 1 శాతానికి కలిపి, ముంజేతి లోపలి వైపు మోచేతి మడత దగ్గర బఠానీ గింజంత మేర రోజుకు రెండుసార్లు ఒకే చోట వారం పాటు రాయాలి. ఒక్కరోజు చూసి ఏమీ కాలేదని వదిలేయకూడదు, ఆలస్యంగా వచ్చే అలర్జీ మూడో రోజో నాలుగో రోజో కూడా బయటపడవచ్చు. దురద మొదలైతే అక్కడితో ఆపి కడిగేయాలి. ఖచ్చితంగా తెలుసుకోవాలంటే చర్మవైద్యుని దగ్గర ప్యాచ్ టెస్ట్ ఉంటుంది. వీపు మీద పట్టీలు అంటించి, 48 గంటలకు తీసి, మళ్లీ రెండు రోజులకు చూస్తారు. ఆ పరీక్షలో 5 శాతానికి కలిపిన నూనెనే వాడతారు, అదీ కావాలని ఆక్సీకరణ చెందించినది. అలర్జీ ఎక్కువగా పాత నూనెకే వస్తుందని వైద్యులకు తెలుసు కనుకనే.

అడపాలీన్, రెటినాల్ వంటి విటమిన్ ఎ జాతి పూతలు వాడేవారు అదే రాత్రి దీన్ని రాయకండి. పలుచబడి ఉన్న చర్మం మీద ఏ సుగంధ తైలమైనా రెట్టింపు మండుతుంది.

వెన్నెలవాకిలి
ఇరవై నాలుగు రోజుల తర్వాత మళ్లీ రాస్తున్నాను. చెప్పినట్లే ఆగి, పది మిల్లీలీటర్ల కొత్త సీసా తెప్పించుకున్నాను, విశ్లేషణ పత్రంలో టెర్పినెన్-4-ఓల్ 41 శాతం ఉంది. సిరంజితో కొలిచి 1 శాతం కలిపాను. మూత తీసినప్పుడు రెండేళ్ల క్రితం నాటి ఆ కర్పూరపు వాసన వచ్చేసరికి ప్రాణం లేచివచ్చింది. కుడి ముంజేతికి రాశాను. మొదటి రెండు రోజులు ఏమీ లేదు. మూడో రోజు సాయంత్రం అక్కడే గోక్కుంటున్నానని నాకే ఆలస్యంగా తెలిసింది, నాలుగో రోజు ఉదయానికి చిన్న ఎర్రని బిళ్ల లేచింది. మోచేయి కాబట్టి ఎవరికీ కనిపించదు, ముఖమైతే మళ్లీ ఆ కథే అయ్యేది. గడ్డం మీది మచ్చ కొంచెం పలచబడింది గాని పోలేదు.

మందులచీటీ
ఇక ఈ నూనె మీకు లేనట్లే. నూనె పాతబడితే పుట్టే ఆ అలర్జీ పదార్థాలు తాజాదానిలో కూడా స్వల్పంగా ఉంటాయి, గుర్తుపట్టిన చర్మానికి ఆ కాస్తా చాలు. ముఖ్యంగా షాంపూలు, ఫేస్‌వాష్‌లు, దుర్గంధ నాశినులు, పెదవుల పూతల వెనుక పదార్థాల పట్టికలో మెలలూకా ఆల్టర్నిఫోలియా లీఫ్ ఆయిల్ అనే పేరు ఉన్నదేమో చూసుకునే అలవాటు చేసుకోండి, దాన్ని ముందువైపు రాయని సందర్భాలు చాలా ఉంటాయి. మచ్చకు రోజూ సన్‌స్క్రీన్ రాయండి, గిల్లకండి. కొన్ని నెలల్లో దానంతటదే మాసిపోతుంది. తొందరగా పోవాలనుకుంటే అజెలాయిక్ ఆమ్లం గురించి మీ వైద్యుని అడగండి, అది మొటిమలకు కూడా పనికివస్తుంది.

వెన్నెలవాకిలి
ఇప్పుడే లేచి వెళ్లి చూశాను. పెదవుల పూత వెనుక ఆ పేరు చివరి నుంచి మూడో వరసలో ఉంది. చలికాలమని పెదవులు పగులుతున్నాయనుకుని దాన్నే రోజుకు నాలుగుసార్లు రాస్తున్నాను.

ఘాటువాసన
నా వంద మిల్లీలీటర్ల సీసాను ఏమి చేయాలో కూడా ఎవరైనా చెప్పండి. ముఖానికి ఇక రాయను. నేల తుడిచే నీళ్లలో కలిపేస్తే వాసనైనా బాగుంటుందేమో.

పిల్లిగారి_సేవకుడు
మీ ఇంట్లో పిల్లి ఉన్నదా?

ఘాటువాసన
మాకు లేదు. పక్కింటి పిల్లి మాత్రం మా ఇంట్లోనే పడుకుంటుంది.

పిల్లిగారి_సేవకుడు
అయితే నేల తుడవకండి, అది ఆ నేల మీద నడిచి పాదాలు నాకుతుంది. ఇది మండే ద్రవం కూడా కనుక సింకులో పోయకుండా, మూత బిగించి, మిగిలిపోయిన రంగులూ థిన్నర్లూ తీసుకునే ప్రమాదకర వ్యర్థాల సేకరణకు ఇచ్చేయండి.